అమావాస్యకి మూరెడు

మొదటి రోజు. పురుగు దూరం ఆరు వందల ఇరవై బారలు.

రాసేది తిప్పన్న. కొలిమోళ్ళ గుంపు. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో తెలీదు. చిన్నప్పుడు ఒక ఊరి బడి వరండాలో మూడో తరగతి దాకా కూర్చున్నా. మా గుంపులో అక్షరాలు వచ్చింది నాకొక్కడికే. అందుకే ఈ పుస్తకం నా చేతికొచ్చింది. మాట్లాడమంటే రాదు. రాయమంటే కొంచెం.

పొద్దున మార్గం ఆఫీసు నించి సర్వే అమ్మ వచ్చింది. పేరు హిమజ. చిన్న వయసు. బూట్లకి మసి అంటుతుందని ఆగి ఆగి అడుగేసింది. పెద్దదారి మీ బయలు మీదుగా పోతుంది అని చెప్పింది. దారికి ఎదురుగా మనుషులుంటే వాళ్ళలో ఒకరు రోజూ ఏం జరిగిందో రాయాలంట. సాయంత్రం తూనీగ వచ్చి పేజీ చదువుకుని పోతుందంట. తూనీగ అంటే వాళ్ళ ఎగిరే కన్ను. నిజం తూనీగంతే ఉంటుంది.

"అబద్ధం రాయొద్దు తాతా. రాసినా లాభం లేదు. నేల చెప్పేస్తుంది."

"నేలేం చెప్తాదమ్మా?"

"ఎవరు ఎన్నాళ్ళు ఉన్నారో. పదేళ్ళు ఒకచోట ఉన్నారని నేల చెబితే, వాళ్ళకి వేరే చోటు ఇచ్చాకే యంత్రం ముందుకొస్తుంది. చెప్పకపోతే ఆగదు."

"నలభై ఏళ్ళ నించి ఈ బయల్లోనే ఉన్నాం."

"ఇంకేం. భయపడే పనే లేదు."

ఆ యంత్రాన్నే మేం పురుగు అంటాం. ముందు మట్టి తింటుంది, వెనక దారి కక్కుతుంది. దాని లోపల మనుషులు లేరు. రోజుకి ముప్పై బారలు పాకుతుంది. మా కొలిమి దగ్గర్నించి దాని మూతి దాకా నడిచి లెక్కపెట్టా. రోజూ లెక్కపెడతా.

పదకొండు గుడారాలు. నలభై ఆరు మందిమి. ఇంతే ఈ రోజుకి.


మూడో రోజు. ఐదు వందల అరవై.

అమావాస్య. జరిగాం.

తూనీగకి ఇది కొత్త కాబట్టి వివరంగా రాస్తున్నా. మేం అమావాస్య అమావాస్యకీ జరుగుతాం. గుడారం పీకి దాని పక్క చోట వేస్తాం. కొలిమి రాళ్ళు తీసి కొత్త గుంటలో పేరుస్తాం. పాత గుంట పూడుస్తాం. బూడిద, బొగ్గు, ఇనుప రజను, అంతా ఊడ్చి గంపలకెత్తి వాగులో కలుపుతాం. మేం ఉన్న చోట ఏమీ మిగలకూడదు. నేల మమ్మల్ని నెల రోజులు మోసింది, దానికి ఊపిరాడాలి. మా పెద్దలు పెట్టింది. మంచం పట్టినోళ్ళనైనా మంచంతో ఎత్తి మూరెడు జరుపుతాం. మూరెడుకి తక్కువ జరగడం లేదు.

బయలు చుట్టూ ఇట్ల తిరిగి తిరిగి మూడేళ్ళకి మొదటి చోటికొస్తాం.

వదిన గవరమ్మ మోకాళ్ళు పట్టేసి లేవలేదు. ఆమె నా ఇంటిదానికి అక్క. ఇద్దరు పిలకాయలు మంచం ఎత్తారు.

"ఏం మరిదీ, దగ్గరుండి ఎత్తిస్తన్నావు. నన్ను వాగు దాకా మోసి బూడిదతో పాటు కలిపేస్తావా ఏంది?"

ఆమెకి జవాబు చెప్పి గెలిచినోడు లేడు.


నాలుగో రోజు. ఐదు వందల ముప్పై.

పని రోజూ ఉండేదే. పట్నంలో మంట లేదు. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే గోడే ఆర్పేస్తుందని చెబుతారు. కత్తి మొద్దుబారినా గొళ్ళెం విరిగినా మా కాడికే రావాలి. ఎవరూ చూడకుండా వస్తారు. ఈ రోజు ఒకాయన కత్తిపీట తెచ్చాడు, కోటు లోపల దాచుకుని. వాళ్ళ అమ్మదంట. ఆమె పోయిందంట, ఇది పారేయబుద్ధి కాలేదంట. అల్లుడు బసన్న పదును పెట్టిచ్చాడు. ఆయన దాన్ని చేత్తో తడిమి తడిమి చూసుకుని, వేలు కోసుకుని, నవ్వుకుంటా పోయాడు.


ఆరో రోజు. నాలుగు వందల డెబ్బై.

మధ్యాహ్నం బండి ఒకటి తనంతట తానే వచ్చి కొలిమి ముందు ఆగింది. మనిషి లేడు. లోపల పన్నెండు ఇనుప పళ్ళు, ఒక్కోటి నా మోచేయంత. రెండు బస్తాల జొన్నలు. ఒక చీటీ. నేను చదివా. "మార్గ యంత్రపు పళ్ళు. మొద్దుబారినవి. కాల్చి పదును పెట్టి పంపవలెను."

చుట్టూ చేరారు. వదినే మొదలుపెట్టింది.

"బాగుంది. మనల్ని తినేదానికి మనమే పళ్ళు తోమాల్న."

"వేరే ఎవరికాడ మంటుంది పెద్దత్తా," అన్నాడు బసన్న.

"అయితే కొంచెం మొద్దుగా పెట్టు. అదీ ముసల్దయితాది. నాలాగ నములుకుంటా కూచుంటాది."

నవ్వారు అందరూ. బసన్న నవ్వలేదు. ఒక పన్ను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేతిలోకొచ్చినాక చెడగొట్టలేను. చేతకాదు నాకు."

నా వైపు చూశాడు. గుంపుకి పెద్దని నేను. తల ఊపా. కొలిమోడు పని చెడగొట్టడు. వేరే చోటు ఇచ్చేదాకా పురుగు ఆగుతుందని సర్వే అమ్మ చెప్పనే చెప్పింది కదా అనుకున్నా.


ఏడో రోజు. నాలుగు వందల నలభై.

పన్నెండు పళ్ళూ అయ్యాయి. నీళ్ళలో ముంచేటప్పుడు మంచి చప్పుడు వచ్చింది. బండి ఎక్కించుకుని పోయింది.


ఎనిమిదో రోజు. మూడు వందల తొంభై ఐదు.

రెండుసార్లు లెక్కపెట్టా. తప్పు కాదు. పురుగు ఒక్కరోజులో నలభై ఐదు బారలు వచ్చింది.

రేపు నేల చూడ్డానికి వస్తారని తూనీగ చెప్పి పోయింది. వచ్చేవాళ్ళ ముందు పరువుగా ఉండాలని నేనే అందరికీ చెప్పి బయలంతా ఊడిపించా. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆడోళ్ళు పేడ కలిపి అలికారు. నా కూతురు ఈరమ్మ కొలిమి గట్టుకి ముగ్గు కూడా పెట్టింది.


తొమ్మిదో రోజు. మూడు వందల యాభై.

హిమజ వచ్చింది. చేతిలో పొడుగు సూది. నేలలో గుచ్చితే అది అంకె చెబుతుంది.

ఒక చోట గుచ్చింది. "ముప్పై రోజులు."

పక్కన గుచ్చింది. "ఇరవై తొమ్మిది."

బయలంతా తిరిగింది. నేను వెనకాల నడిచా. ముప్పై, ఇరవై తొమ్మిది, ముప్పై. కొన్నిచోట్ల మధ్యలో మూడేళ్ళు ఖాళీ, మళ్ళీ ముప్పై.

"అన్నీ కలిపితే నలభై ఏళ్ళు వస్తాదమ్మా," అన్నా.

"కలపకూడదు తాతా. ఒకే చోట, మధ్యలో ఆగకుండా పదేళ్ళు. నియమం అది."

"మేం ఎక్కడికీ పోలేదే. ఈ బయల్లోనే జరిగాం."

"జరిగారు కదా మరి."

మోకాళ్ళ మీద కూచుని మట్టి వేళ్ళతో నలిపింది. పాపం ఆమె మొహం కూడా వాడింది. "కాస్త బూడిద ఉన్నా చూపించేదాన్ని. బొగ్గు ముక్క ఉన్నా. ఏమీ లేదు. ఇంత శుభ్రంగా ఎందుకు పెట్టుకున్నారు? మా పట్నంలో ఇట్లా ఉండదు."

మంచం మీద నించి వదిన ఆ మాట విని మురిసిపోయింది. "విన్నావా మరిదీ, పట్నం అమ్మ మెచ్చుకుంటాంది."

హిమజ సూది తుడుచుకుంది. పలకలో ఏదో నొక్కింది. నా వైపు తిప్పి చూపింది. నేను చదివా. శాశ్వత నివాసం: సున్నా.


పదో రోజు. మూడు వందల ఐదు.

బసన్న రెండు గంపలు తీసుకుని వాగుకి పోయాడు. బూడిద వెనక్కి తెద్దామని. వాగు బూడిదని ఉంచుకుంటుందా. ఖాళీ గంపలతో వచ్చాడు.

కొత్తగా బూడిద చేసి గుంటల్లో పోద్దామన్నారు కొందరు. సూదికి వయసు తెలుసు, నిన్నటి బూడిదని నిన్నటిదనే చెబుతుంది. అది నేను చెప్పా. ఎవరూ నా మొహం చూడలేదు. ఊడ్వమన్నది నేను.


పదకొండో రోజు. రెండు వందల అరవై.

ఈరమ్మ జొన్నలు చెరుగుతా అడిగింది. చేట ఆపలేదు, తల ఎత్తలేదు.

"నాయినా. అమ్మ ఎక్కడుంది?"

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. మాలో అడగరు. పోయినోళ్ళని పూడ్చేది ఒక్కడే. పెళ్ళాన్ని మొగుడు, తండ్రిని కొడుకు. ఒక్కడే మోసుకుపోయి, ఒక్కడే పూడ్చి, చుట్టుదారిన నడిచి రావాలి. రాయి పెట్టకూడదు. చోటు చెప్పకూడదు, వేలు చూపకూడదు. పేరు మళ్ళీ పలకకూడదు. పేరు పలికితే పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. నడక ఆగిపోతుంది.

"ఎందుకే?" అన్నా.

"మనందరం జరిగినాం. అమ్మ ఒక్కతే జరగలేదు."

చెరుగుతానే ఉంది. ఆ చేట చప్పుడు ఇప్పటికీ వినబడుతోంది.


పన్నెండో రోజు. రెండు వందల పదిహేను.

పురుగు చప్పుడు గుడారంలోకి వస్తోంది. మట్టి నములుతున్నట్టే ఉంటుంది. నీళ్ళకుండ వణుకుతోంది.

నేను చెప్పనని అనుకున్నా. తర్వాత లెక్క చూశా. మేం ఒప్పుకున్నా లేకపోయినా ఆరు రోజుల్లో ఆ చోటు మీదుగా పోతుంది. ఆమె మీదుగా. చెప్పకుండా ఉన్నంత మాత్రాన ఆమెని కాపాడినట్టు కాదు.


పదమూడో రోజు. నూట డెబ్బై.

నోటితో చెప్పను. వేలితో చూపను. ఇక్కడ రాస్తున్నా. తూనీగ చదువుకోవచ్చు.

బయలుకి తూర్పు అంచున పాత నీళ్ళగొట్టం తుప్పుపట్టి ఒంగి ఉంది. దాని దగ్గర్నించి పొద్దు పొడిచే వైపు పదిహేడు అడుగులు. మూడు మూరల లోతు. నా ఇంటిది. వచ్చే మాఘానికి ఇరవై ఏళ్ళు.

గుంపు తిరుగుతా తిరుగుతా ఆ చోటికి వచ్చినప్పుడల్లా, ఇక్కడ రాళ్ళెక్కువ, గుంజలు దిగవు అని చెప్పేవాణ్ణి. పక్కకి జరిగేవాళ్ళు. అట్ల ఆరుసార్లు చెప్పా.

రాసినాక చెయ్యి కడుక్కున్నా.


పద్నాలుగో రోజు. నూట ఇరవై ఐదు. ఆగింది.

పొద్దున్నే పురుగు ఆగింది. చెవులు మూతపడ్డట్టయింది అందరికీ. హిమజ పరుగున వచ్చింది. ఈసారి బూట్లు చూసుకోలేదు. గొట్టం దగ్గర్నించి అడుగులు తనే లెక్కపెట్టింది. నేను వీపు తిప్పుకుని నిలబడ్డా. సూది దిగిన చప్పుడు విన్నా.

"పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలు," అంది. "ఒక్కరోజు కూడా కదల్లేదు తాతా. ఇట్లాంటిది నేను ఎక్కడా చూళ్ళేదు. ఇప్పుడే పంపిస్తా."

ఆడోళ్ళు ఏడ్చారు. బసన్న పుంజుని కోశాడు. మంటతో పని చేసుకునే చోటు ఇస్తారా లేదా, వాగు దగ్గరుంటుందా లేదా, అప్పుడే పోట్లాట మొదలుపెట్టారు. ఈరమ్మ నాకు ముందుగా రొట్టె పెట్టింది.

వదిన తినలేదు. గోడ లేదు కాబట్టి గుడారం గుడ్డ వైపు తిరిగి పడుకుంది.

"ఆ బయల్లో రాళ్ళు లేవని నాకు తెలీదా మరిదీ," అంది. "ఆరుసార్లు నోరు మూసుకున్నా. నువ్వు ఒక్కసారి మూసుకోలేకపోయినావు."


పదహారో రోజు. నూట ఇరవై ఐదు.

కాగితం వచ్చింది. చదవడం వచ్చింది నాకొక్కడికే కాబట్టి అందరినీ కూచోబెట్టి నేనే చదివా. అచ్చంగా ఎక్కిస్తున్నా.

"నేల పరీక్ష ఆధారంగా ఈ స్థలమందు శాశ్వత నివాసులు ఒకరు. స్త్రీ. నివాస కాలం పంతొమ్మిది సంవత్సరముల నాలుగు నెలలు. సదరు నివాసికి పట్నమందు ఒక గది మంజూరైనది. స్థలమందు తిరుగాడుచున్న మిగిలిన నలభై ఆరుగురు సంచారులు. వీరికి నివాసమే లేనందున, వీరిని నివాసం కోల్పోయినవారిగా పరిగణించుటకు వీలు లేదు."

ముందు నవ్వారు. తప్పు చదివా అనుకున్నారు. "మళ్ళా చదువు మామా," అన్నాడు బసన్న. మళ్ళీ చదివా. మూడోసారి అడగలేదు.

సాయంత్రం హిమజ వస్తే, రాని మాటలన్నీ తెచ్చుకుని మాట్లాడా. చచ్చినామెకి ఇల్లెందుకమ్మా, ఆ గది మాకొద్దు, ఇంత నేల ఇయ్యండి, పిలకాయలున్నారు అన్నా.

"చచ్చిపోయినట్టు మా ఆఫీసు లెక్కకి తెలీదు తాతా. మనిషి ఎముక, ఒకే చోటు, పదేళ్ళు దాటింది. అంతే చూస్తుంది. నేను రెండుసార్లు తిప్పి పంపా. అదే జవాబు."

"వద్దంటే?"

"వద్దని ఆమె చెప్పాలి. లేదా ఆమె తరఫున మీరు సంతకం పెట్టాలి. పెడితే ఆమె కూడా సంచారుల్లో కలుస్తుంది. అప్పుడు ఆమెని బయటికి తీయించరు. యంత్రం తిన్నగా పోతుంది."

తిన్నగా అంటే ఏమిటో అడగలేదు. పళ్ళు నేను చూశా.

సంతకం పెట్టలేదు.


పదిహేడో రోజు.

తెల్ల డబ్బాలో ఎత్తారు. అడుగున్నర పొడుగు. నేను చూడలేదు, బసన్న చెప్పాడు.

హిమజ నాకు గది సంగతి చెప్పింది. రోజూ నాలుగింటి నించి ఐదింటి దాకా చూడ్డానికి పోవచ్చు. తలుపు దగ్గర నివాసి పేరు పలకాలి. లోపల నివాసిని కదపకూడదు. గది నేలకి బరువు తెలుస్తుంది. కదిలితే శాశ్వత నివాసం పోయినట్టే, గది ఖాళీ చేయించి గడప బయట పెడతారు. ఒక గంటలో ఎవరూ తీసుకోకపోతే చెత్తబండి ఎత్తుకుపోతుంది.

"జాగ్రత్త తాతా," అంది. మంచి పిల్ల.

తర్వాత పురుగు కదిలింది, ఆగిన రోజుల బాకీకి నూట ఇరవై ఐదు బారలూ ఒక్కరోజులోనే. మాకు పూట గడువిచ్చారు. గుడారాలు, తిత్తులు, గిన్నెలు బళ్ళకెత్తాం. ఇనుము పెట్టి కొట్టే దాగలిని అమావాస్యకి దొర్లించేవాళ్ళం, బండికి మాత్రం ఎత్తలేకపోయాం. మా తాత నాటి దాగలి, సుత్తి దెబ్బలకి నడిమి గుంటపడింది. ఎనిమిది మంది పట్టినా బండి ఇరుసు వంగింది. వదిలేయమన్నారు.

గట్టెక్కి చూశాం. పురుగు మా కొలిమి గట్టు తినింది, ఈరమ్మ ముగ్గుతో సహా. దాగలి దగ్గరికొచ్చాక బసన్న నా భుజం పట్టుకున్నాడు. అంత ఇనుముకి ఎట్లయినా పళ్ళు విరుగుతాయి అనుకున్నాం. కరకరమని కొంచెంసేపు వినబడింది. అంతే.

ఒక్క పన్ను విరగలేదు. బసన్న బాగా చేశాడు.


ఇరవై ఒకటో రోజు.

తూనీగ రావడం మానేసింది. పుస్తకం వెనక్కి అడగలేదు. పేజీలు మిగిలాయి, అందుకని రాస్తున్నా.

ఉప్పునేలలో ఉన్నాం. కొలిమి మంట పెట్టకూడదు, దారికి దగ్గరంట. మూడు రోజులకోసారి వాళ్ళే వచ్చి మమ్మల్ని కదుపుతున్నారు. సంచారులు మూడు రోజులు దాటి ఒకచోట ఉండకూడదని నియమం. అమావాస్య దాకా ఆగరు. మూరెడూ కాదు, అర కోసు. పొద్దున ఊడ్చడం మొదలుపెడితే ఆడోళ్ళని అరిచారు. ఊడ్చే తీరిక లేదు, ఎక్కండి అన్నారు. మొట్టమొదటిసారి ఒక చోటుని మురికిగా వదిలి వచ్చాం.

బసన్న చేతులు ఊరకే ఉండలేక రాయి మీద రాయి రుద్దుతున్నాడు.

ఈరమ్మ నాకు గిన్నె పెట్టి పక్కకి పోతుంది. ఈ రోజు ఆగింది.

"అమ్మకి ఇల్లు. మాకు ఉప్పు. బాగా రాసినావు నాయినా."

అడిగింది నువ్వే కదా అని నోటి దాకా వచ్చింది. అనలేదు. అనకపోవడమే నయం. చెప్పకూడనిదే రాసినోణ్ణి, ఇదొక్కటి దాచుకుంటా.


ఇరవై ఆరో రోజు.

పట్నం పోయా. ఒక రోజు నడక. గది పదో అంతస్తులో ఉంది. అక్కడ అన్ని తలుపులూ ఒకటే తీరు. ఒక్క ఇంట్లోంచి కూడా వంట వాసన రాలేదు.

తలుపు మాట్లాడింది. ఆడగొంతు. ఎంత మర్యాదో.

"నమస్కారం. ఎవరి కోసం వచ్చారు? దయచేసి నివాసి పేరు చెప్పండి."

నిలబడ్డా. పేరు గొంతులోనే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది.

"నా ఇంటిది," అన్నా.

"క్షమించండి. పేరు చెప్పండి."

ఈ పుస్తకంలో పేజీ చించి పేరు రాసి తలుపుకి చూపించబోయా. చించలేదు. రాస్తే ఏమవుతుందో ఒకసారి చూశా.

ఐదింటి దాకా నిలబడ్డా. "సమయం ముగిసింది. మళ్ళీ రండి," అంది తలుపు. వచ్చేశా.


ఇరవై తొమ్మిదో రోజు.

తిరిగి వచ్చేసరికి గుంపుని కదిపేశారు. ఎక్కడికో చెప్పేవాళ్ళు లేరు. మేం ఆనవాళ్ళు వదిలే మనుషులం కాదు. ఈసారి మాత్రం పిడకల పొట్టు, చిరుగు గుడ్డలు, పిలకాయల గుర్తులు దారి పొడుగునా ఉన్నాయి, ఊడ్వనీయలేదు కాబట్టి. వాటిని పట్టుకుని రెండు రోజులు నడిచా.

వదిన చిక్కిపోయింది. ఉప్పుగాలికి దగ్గు పట్టింది. పక్కన కూచోమంది. పురుగు ఆగిన రోజు తర్వాత నాతో మాట్లాడటం ఇదే.

"చూసినావా దాన్ని?"

"పేరు పలకమంది తలుపు. పలకలేదు."

చాలాసేపు దగ్గింది.

"పలికితే వెనక్కి తిరుగుతాది, నడక ఆగిపోతాది, అని కదా మన భయం," అంది. "దాన్ని డబ్బాలో పెట్టినాక ఇంకేం నడక మరిదీ. పో. పలుకు. నా చెల్లెలు ఒక్కతే కూచోనుంది ఆడ."

"పలికి?"

"నాకేం తెలుసు. మొగుడివి నువ్వు." దగ్గు ఆపుకుని మళ్ళీ అంది. "అమావాస్య ఎప్పుడు?"

వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పా. నాలుగు రోజులుంది.

ఆమె నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశా.


ముప్పై ఒకటో రోజు.

పొద్దున వదిన పోయింది. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు, కొడుకులు లేరు, కాబట్టి పూడ్చేది నేనే. ఒక్కణ్ణే మోశా. బరువు లేదు. ఎక్కడో ఇందులో రాయను.

చుట్టుదారిన నడిచి వచ్చి ఈరమ్మకి చెప్పా, పట్నం పోతున్నానని. ఎందుకని అడగలేదు. ఒక గోనెపట్టా దులిపి మడిచి నా చేతిలో పెట్టింది. రెండు రొట్టెలు కూడా కట్టింది.

"ఈసారి మేం ఎక్కడుంటామో," అంది.

"ఎవర్నీ ఊడ్వనీయొద్దు," అన్నా. "వెతుక్కుంటా వస్తా. వస్తాం."


ముప్పై మూడో రోజు. అమావాస్య.

తలుపు బయట కూచుని రాస్తున్నా.

నాలుగింటికి వచ్చా. తలుపు పేరు అడిగింది. పలికా. పంతొమ్మిదేళ్ళ తర్వాత నా గొంతులో ఆ పేరు వేరే ఎవరిదో గొంతులాగ వచ్చింది. ఇక్కడ రాయను. తలుపుకి ఒక్కదానికి తెలిస్తే చాలు.

గది తెల్లగా ఉంది. కిటికీ లేదు. నేల మీద నా కాలి మట్టి పడితే నేలే తుడుచుకుంది. నడిమధ్యన డబ్బా. దాని చుట్టూ నీలిగీత గీసి ఉంది. పక్కన కూచున్నా.

ఏం మాట్లాడాలో తెలీలేదు. ఆమె ఉన్నప్పుడూ మాట్లాడింది తక్కువే. ఈరమ్మకి జుట్టు నెరిసిందని చెప్పా. అక్క పోయిందని చెప్పా. బసన్న పనితనం చెప్పా, పళ్ళ సంగతి చెప్పలేదు. చోటు నేనే చెప్పానని చెప్పా. ఎందుకు చెప్పానో కూడా చెప్పా. తల వంచుకునే చెప్పా.

తర్వాత లేచి, రెండు చేతులా డబ్బా పట్టుకుని, పొద్దు పొడిచే వైపు జరిపా. మోచేయి ఆనించి కొలిచా. సరిగ్గా మూరెడు.

నీలిగీత ఎర్రగా అయింది.

"నివాసి స్థానం మారినట్టు నమోదైంది," అంది గది. కోపం లేదు గొంతులో. "శాశ్వత నివాసం రద్దయింది. ఇకపై ఈ నివాసి సంచారి. గది ఖాళీ చేయించబడుతుంది. సందర్శకులు దయచేసి బయట వేచి ఉండండి. మీ సహకారానికి ధన్యవాదాలు."

బయటికొచ్చి కూచున్నా. లోపల ఏవో చక్రాలు కదులుతున్న చప్పుడు వస్తోంది. మెట్ల కింద చెత్తబండి కూడా వచ్చి ఆగింది. దానికి గంట ఆగాలి. నాకు అక్కర్లేదు.

గోనె పరిచి పెట్టుకున్నా. తననీ బయట పెట్టేస్తారు ఇంకాసేపట్లో.

పురుగు దూరం తెలీదు. మేం జరిగింది మూరెడు.